కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదా? విప్పే ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

"కంప్యూటర్ ఆన్ అవ్వట్లేదు" అని ఎవరైనా అన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఒకటే, ఆన్ అవ్వట్లేదంటే ఏం అవ్వట్లేదు? ఫ్యానే తిరగట్లేదా, ఫ్యాన్ తిరుగుతోంది గానీ స్క్రీన్ నల్లగా ఉందా, కంపెనీ లోగో దాకా వచ్చి ఆగుతోందా, విండోస్ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయా? ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచెయ్యదు. లోగో కూడా రాని మెషీన్‌కి విండోస్ మళ్లీ వేద్దామని పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నవాళ్లని చూశా, అక్కడ కథ విండోస్ దాకా వెళ్తేగా!

బటన్ నొక్కాక లోపల ఒక వరస నడుస్తుంది. ముందు ఎస్‌ఎంపీఎస్ (వెనక ఫ్యాన్‌తో ఉండే ఆ ఇనప డబ్బా) కరెంటు ఇస్తుంది, వోల్టేజీలు నిలకడగా ఉన్నాయనుకుంటే మదర్‌బోర్డుకి సిగ్నల్ పంపుతుంది, అప్పుడు ప్రాసెసర్ లేస్తుంది, బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాము) నడిచి ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ ఉందా అని చూసుకుంటుంది, దీన్నే పోస్ట్ అంటారు. అది అయ్యాక డిస్క్‌లో బూట్ లోడర్ (విండోస్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాము) కోసం వెతుకుతుంది, అది దొరికితే విండోస్ వస్తుంది. మీ మెషీన్ ఈ వరసలో ఎక్కడిదాకా వచ్చి ఆగిందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే దానికి ముందున్నవన్నీ చాలావరకు బాగున్నట్టే లెక్క.

ఇంకో మాట, ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి. ర్యామ్ మార్చి, కేబుల్ మార్చి, బోర్డు మీది బ్యాటరీ సెల్ తీసి పెట్టి, అన్నీ ఒకేసారి చేస్తే అది లేచినా ఎందుకు లేచిందో తెలీదు, వారం తర్వాత మళ్లీ పడుకుంటే మళ్లీ మొదట్నుంచి. ఏ వైరు పీకే ముందైనా ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, తర్వాత నాకు థ్యాంక్స్ చెప్తారు.

ఉలుకూ పలుకూ లేకపోతే

ఫ్యాన్ లేదు, లైట్ లేదు, చప్పుడు లేదు అంటే కరెంటు సంగతి. అదే సాకెట్‌లో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి, ఛార్జ్ ఎక్కుతోందా? తర్వాత స్పైక్ బస్టర్‌నీ యూపీఎస్‌నీ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టండి, యూపీఎస్ బ్యాటరీ పాతబడి లోడ్ పడగానే ఆగిపోవడం చాలా మామూలు. క్యాబినెట్ వెనక ఎస్‌ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఒక వైపు గీత, ఇంకో వైపు సున్నా. గీత వైపు నొక్కి ఉంటేనే ఆన్. వెనక తుడుస్తున్నప్పుడు అది ఆఫ్ అయిపోయి, రెండు రోజులు "బోర్డు పోయింది" అని బాధపడినవాళ్లు ఉన్నారు, నవ్వకండి, మీకూ జరగొచ్చు.

పవర్ కేబుల్ మీద అనుమానం ఉంటే కొత్తది తేనక్కర్లేదు, చాలా మానిటర్లకి కూడా అదే రకం కేబుల్ ఉంటుంది, మానిటర్‌ది పీకి సీపీయూ బాక్స్‌కి పెట్టి చూడండి.

అయినా లేవకపోతే గోడ దగ్గర కేబుల్ పీకేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి, బోర్డులో మిగిలిన ఛార్జ్ పోతుంది. తర్వాత కీబోర్డ్, మౌస్, ప్రింటర్, పెన్‌డ్రైవ్ అన్నీ తీసేసి కేవలం పవర్ కేబుల్ ఒక్కటే పెట్టి ఆన్ చెయ్యండి. యూఎస్‌బీ పోర్ట్ లోపల పిన్ను వంగి షార్ట్ అయితే మొత్తం మెషీన్ లేవకుండా ఉండిపోతుంది, టార్చ్ వేసి పోర్టుల్లోకి ఓసారి చూడండి.

ఇక సైడ్ ప్యానెల్ విప్పాల్సిందే. విప్పే ముందు పవర్ కేబుల్ తీసెయ్యండి, క్యాబినెట్ ఇనుము మీద ఒకసారి చెయ్యి ఆనించండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. కార్పెట్ మీద నిలబడి మాత్రం ఈ పని వద్దు. లోపల రెండు కనెక్టర్లు చూడాలి. ఒకటి బోర్డు అంచున ఉండే పెద్ద 24 పిన్నుల ప్లగ్, రెండోది ప్రాసెసర్ దగ్గర మూలన ఉండే 4 లేదా 8 పిన్నులది. రెండిటినీ క్లిక్ అనేదాకా గట్టిగా నొక్కండి. ఈ రెండోదాన్ని మర్చిపోవడం కొత్తగా బిల్డ్ చేసుకున్నవాళ్లు (విడి భాగాలు కొని తామే బిగించుకున్నవాళ్లు) తరచూ చేసే తప్పు, అది లేకపోతే ఫ్యాన్లు తిరుగుతాయి గానీ ప్రాసెసర్‌కి కరెంటే అందదు.

తర్వాత అనుమానించాల్సింది పవర్ బటన్‌ని. అది కూడా ఒక స్విచ్చే కదా, అరిగిపోతుంది, దుమ్ము పట్టి ఇరుక్కుపోతుంది. క్యాబినెట్ ముందు భాగం నుంచి సన్నటి వైర్లు వచ్చి బోర్డు కింది మూలన పిన్నులకి తగిలి ఉంటాయి, వాటిలో పవర్ స్విచ్ అని రాసున్నది పీకి, కేబుల్ మళ్లీ పెట్టి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలపండి. మెషీన్ లేచిందా, అయితే పోయింది బటన్ మాత్రమే. అప్పటిదాకా రీసెట్ బటన్ వైరుని ఆ పిన్నులకి పెట్టుకుని వాడుకోవచ్చు, రెండూ ఒకే రకం స్విచ్‌లు. ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషం వేసింది. కాకపోతే మాన్యువల్ చూసి సరైన పిన్నులే కలపండి, పక్క పిన్నులతో ఆటలొద్దు.

ఇదీ కాకపోతే ఎస్‌ఎంపీఎస్. దాన్ని పేపర్ క్లిప్‌తో టెస్ట్ చెయ్యొచ్చు, కానీ వరస తప్పొద్దు. ముందు పవర్ కేబుల్ పీకేసి ఎస్‌ఎంపీఎస్ వైర్లన్నీ బోర్డు నుంచీ డిస్క్‌ల నుంచీ తీసెయ్యాలి, తర్వాత 24 పిన్నుల ప్లగ్‌లో ఆకుపచ్చ వైరు ఉన్న రంధ్రానికీ దాని పక్కనే ఉన్న నల్ల వైరు రంధ్రానికీ క్లిప్‌ని వంచి పెట్టాలి, ఆ తర్వాతే కేబుల్ పెట్టి వెనక స్విచ్ ఆన్ చెయ్యాలి. ఆన్‌లో ఉండగా క్లిప్ ముట్టుకోవద్దు. ఫ్యాన్ తిరిగితే కనీసం ప్రాణం ఉందని అర్థం. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు దగ్గర 12 వోల్టులు, ఎరుపు దగ్గర 5, నారింజ దగ్గర 3.3 రావాలి, 5 శాతం అటూ ఇటూ అయితే పర్లేదు, అంటే 12 దగ్గర 11.4 నుంచి 12.6 లోపు ఉండాలి. కొన్ని కొత్త మోడళ్లలో లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిరగదు, అది చూసి పోయిందనుకోకండి. కొన్నిట్లో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి, అలాంటప్పుడు ఏ పిన్ను ఏదో పక్కాగా తెలిస్తేనే చెయ్యండి, లేదంటే ఈ టెస్ట్ వదిలేసి ఇంకో ఎస్‌ఎంపీఎస్ తెచ్చి పెట్టి చూడటం మేలు. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన అది పూర్తిగా బాగున్నట్టు కూడా కాదు, లోడ్ పడ్డప్పుడు కూలబడేవి చాలా ఉంటాయి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఎస్‌ఎంపీఎస్ డబ్బాని ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టుల పైన ఛార్జ్ నిలిచి ఉండొచ్చు. దాన్ని మార్చడమే, బాగు చెయ్యడం మన పని కాదు.

ఫ్యాన్ ఒక్క క్షణం కదిలి ఆగిపోతోందా? అది చాలావరకు షార్ట్. బోర్డు కింద స్క్రూ ఏదైనా పడి ఇరుక్కుందేమో, గ్రాఫిక్స్ కార్డ్ తీస్తే లేస్తోందేమో, హార్డ్‌డిస్క్ పవర్ పీకితే లేస్తోందేమో, ఒక్కొక్కటే తీస్తూ చూడండి. చివరికి బోర్డు, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక్క ర్యామ్ మాత్రమే మిగలాలి. అప్పటికీ అంతే అయితే గొడవ ఆ మిగిలినవాటిలోనో ఎస్‌ఎంపీఎస్‌లోనో ఉంది. బోర్డు మీద సిలిండర్లలా ఉండే కెపాసిటర్ల తల ఉబ్బి ఉందా అనేది కూడా చూడండి. 2000ల మొదట్లో తయారైన బోర్డుల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ, అప్పట్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల బోర్డులు తెగ పోయాయి.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ నలుపు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

లోపల చెయ్యి పెట్టే ముందు కీబోర్డ్‌లో నమ్ లాక్ నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా దాని లైట్ వెలిగి ఆరుతుంటే మెషీన్ నిజానికి లేచింది, మీకు కనపడట్లేదంతే. అంటే మానిటర్ గొడవ. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరిగ్గా ఉందా, మీరు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి అది డిస్‌ప్లేపోర్ట్ కోసం చూస్తోందా? కేబుల్ మార్చి చూడండి, మానిటర్ బదులు టీవీకి పెట్టి చూడండి.

ఇక నా సొంత సిగ్గు కథ. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న సిస్టమ్‌ని శుభ్రం చేసి మళ్లీ పెట్టా, స్క్రీన్ రాలేదు, రెండు గంటలు ర్యామ్ మార్చీ సెల్ తీసీ నానా తంటాలు పడ్డా, చివరికి చూస్తే మానిటర్ కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డ్‌కి కాకుండా మదర్‌బోర్డు పోర్టుకి పెట్టున్నా. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. కార్డ్ ఉంటే కేబుల్ కార్డ్‌కే పెట్టాలి, క్యాబినెట్ వెనక అడ్డంగా కింద ఉండే పోర్టులు కార్డ్‌వి, పైన నిలువుగా యూఎస్‌బీల పక్కన ఉండేవి బోర్డువి. కార్డ్ మీద అనుమానం వచ్చి దాన్ని తీసి బోర్డు పోర్ట్‌తో చూద్దామనుకుంటే, ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉందో లేదో తెలుసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో ఉండదు, ఏఎమ్‌డీ రైజెన్ 5000 సిరీస్‌లో జీ లేనివాటిలో ఉండదు. అలాంటి ప్రాసెసర్‌తో బోర్డు పోర్టుకి ఎంతసేపు పెట్టినా బొమ్మ రాదు. కార్డ్‌కి విడిగా 6 లేదా 8 పిన్నుల పవర్ కావాల్సి ఉంటే అది పెట్టారా అని కూడా చూడండి.

నమ్ లాక్ లైట్ కదలట్లేదంటే పోస్ట్ దగ్గరే ఆగింది. బోర్డు మీద చూడండి, ఈమధ్య వచ్చే చాలా బోర్డుల్లో సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్క్) అని నాలుగు బుల్లి లైట్లు ఉంటాయి, ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడే గొడవ. పాతవాటిలో బీప్‌లు వస్తాయి, ఎన్ని పొడుగువి ఎన్ని పొట్టివి అని లెక్కపెట్టి రాసుకోండి. వాటి అర్థం ఒక్కో బయోస్ కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, అందుకే ఎవరో చెప్పిన లిస్ట్ కాకుండా మీ బోర్డు మాన్యువల్‌లోదే చూడండి. లైట్లూ బీప్‌లూ ఏవీ లేకపోతే నేను ముందు ర్యామ్ మీదే పడతా, ఎందుకంటే తేలిక, పైసా ఖర్చు లేదు, పైగా చాలాసార్లు తప్పు దానిదే.

పవర్ పీకి, ర్యామ్ స్టిక్‌లన్నీ తీసి, ఒక్కటి మాత్రం పెట్టండి. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో, చాలా బోర్డులు మొదటి స్టిక్ అక్కడే కోరుకుంటాయి. రెండు కొసలా క్లిక్ అనేదాకా నొక్కాలి, చాలామంది భయపడి సగమే నొక్కుతారు. బంగారు రంగు అంచుని మెత్తటి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి పూర్తిగా తుడిచి పెట్టండి, ఐసోప్రొపిల్ ఆల్కహాల్ ఉంటే అది ఇంకా మంచిది. స్లాట్‌లో నోటితో ఊదకండి, తడి పోతుంది లోపలికి. లేవకపోతే రెండో స్టిక్, అదీ కాకపోతే ఇంకో స్లాట్. ఒక స్టిక్‌తో లేచి ఇంకోదానితో లేవట్లేదంటే దొంగ దొరికినట్టే.

డీడీఆర్5 (కొత్త రకం ర్యామ్) వాడేవాళ్లకి ఒక హెచ్చరిక, ర్యామ్ మార్చినా సెల్ తీసినా మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మెమరీ ట్రైనింగ్ (ఆ ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడం) చేసుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అప్పటిదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, కంగారుపడి మధ్యలో ఆపేస్తే మళ్లీ మొదలవుతుంది. ఆన్ చేసి ఓ 10, 15 నిమిషాలు పక్కకెళ్లి రండి.

తర్వాత బయోస్ రీసెట్. బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి సెల్ ఉంటుంది, సీఆర్2032 అని రాసుంటుంది, 3 వోల్టులది. పవర్ పీకి, ఆ సెల్ తీసి, 5 నిమిషాలాగి పెట్టండి. ఈమధ్య ఆన్ చేసినప్పుడల్లా టైమూ తేదీ తప్పుగా చూపిస్తుంటే ఆ సెల్ అయిపోయింది, కొత్తది వేసెయ్యండి. అయితే దీనికో మెలిక ఉంది, బయోస్ రీసెట్ చేశాక విండోస్ బిట్‌లాకర్ (డిస్క్‌లో డేటాకి విండోస్ వేసే తాళం, అంటే ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ అడగొచ్చు. అది 48 అంకెల నంబర్. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే ఎన్‌క్రిప్షన్ మీకు తెలీకుండానే ఆన్ అయి ఉండొచ్చు, కీ కూడా ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. అందుకే సెల్ ముట్టుకునే ముందు ఫోన్‌లో ఆ అకౌంట్‌లోకి వెళ్లి కీ ఉందో లేదో చూసుకోండి. ఈ ముక్క చాలామంది చెప్పరు.

కొత్త ప్రాసెసర్‌ని పాత బోర్డులో పెట్టాక ఇలా అయితే బయోస్ పాతదై ఉండొచ్చు, బోర్డు వెనక ఫ్లాష్ బటన్ ఉంటే ప్రాసెసర్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్‌తోనే అప్‌డేట్ చెయ్యొచ్చు.

లోగో వచ్చింది, అక్కడే ఆగింది

లోగో వచ్చిందంటే సంతోషించండి, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ అన్నీ బతికే ఉన్నట్టు. బూట్ డివైజ్ దొరకలేదని మెసేజ్ వస్తే మొదట పెన్‌డ్రైవ్‌లూ బయటి హార్డ్‌డిస్క్‌లూ పీకండి, బయోస్ వాటిలో విండోస్ కోసం వెతుకుతూ ఉండొచ్చు. తర్వాత ఆన్ అవ్వగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ టకటకా నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లండి, డిస్క్‌ల లిస్ట్‌లో మీది కనపడుతోందా?

కనపడకపోతే సాటా డిస్క్ (బోర్డుకి కేబుల్‌తో తగిలించేది) అయితే రెండు కేబుళ్లూ తీసి పెట్టండి, డేటా కేబుల్ మార్చి ఇంకో పోర్టులో పెట్టండి. బోర్డు మీదే పడుకుని ఉండే ఎమ్.2 రకం అయితే స్క్రూ తీసి, బయటికి లాగి, మళ్లీ గట్టిగా పెట్టండి. కనపడితే బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ అన్నదాన్ని మొదట పెట్టండి. బయోస్ రీసెట్ చేసిన తర్వాతే ఈ గొడవ మొదలైతే సెట్టింగ్ మారిపోయి ఉంటుంది, పాత విండోస్ సీఎస్‌ఎమ్ మోడ్‌లో (పాత బయోస్ పద్ధతిలో) వేసి ఉంటే అది ఆన్ చెయ్యాలి, డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి, అంటే డిస్క్ మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో వీఎమ్‌డీకో మారినా విండోస్ మొదలై నీలం స్క్రీన్‌తో పడిపోతుంది. మునుపు ఎలా ఉందో అలా పెడితే చాలు, ఫార్మాట్ అక్కర్లేదు.

హార్డ్‌డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోందా? ఆపెయ్యండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడకండి, ఆన్ చేసిన ప్రతిసారీ డేటా తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. అందులో ముఖ్యమైనవి ఉంటే డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి.

ప్రాసెసర్ ఫ్యాన్ ఎర్రర్ అని చెప్పి ఎఫ్1 నొక్కమంటే నొక్కేసి ముందుకెళ్లకండి, నిజంగా ఫ్యాన్ తిరుగుతోందా, వైరు ఊడిందా చూడండి.

విండోస్ మొదలై పడిపోతోంది

ఇక్కడ హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే, కాబట్టి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టండి. చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపండి, ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తనే రికవరీ మెనూలోకి వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. నేను వెళ్లే వరస ఇది: ముందు స్టార్టప్ రిపేర్, తర్వాత ఈమధ్య అప్‌డేట్ పడి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత సిస్టమ్ రిస్టోర్. వీటితో కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోంచి సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతోనే విండోస్ లేచే మోడ్) వెళ్లండి. సేఫ్ మోడ్‌లో మామూలుగా లేస్తే తప్పు ఏదో డ్రైవర్‌దో కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్‌దో, ఆఖరున వేసినవి ఒక్కొక్కటిగా తీసెయ్యండి.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తేడా వచ్చి ప్రపంచమంతా నీలం స్క్రీన్లు పడ్డాయి కదా, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల మెషీన్లు. వాటికి చేసిన మందు కూడా ఇదే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ తప్పుడు ఫైల్ డిలీట్ చెయ్యడం. చాలాచోట్ల ఆలస్యమైంది బిట్‌లాకర్ కీ వెతుక్కోవాల్సి రావడం వల్ల, అందుకే పైన అంతగా చెప్పా.

ఇవేవీ పనిచెయ్యకపోతే రీసెట్ ఆప్షన్ ఉంది, ఫైల్స్ ఉంచుకుని రీసెట్ చెయ్యొచ్చు, కానీ వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. అది నొక్కే ముందు ఇంకో కంప్యూటర్‌లో లినక్స్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని, దాంతో బూట్ అయి, మీ ఫైల్స్‌ని బయటి డిస్క్‌కి కాపీ చేసుకోండి. ఇన్‌స్టాల్ నొక్కొద్దు, ట్రై అన్నదే నొక్కండి.

విండోస్ వచ్చి ఓ పది నిమిషాల తర్వాత దానంతట అదే ఆఫ్ అయిపోతుంటే వేడి అయినా అయ్యుండాలి, ఎస్‌ఎంపీఎస్ అయినా అయ్యుండాలి. దుమ్ము దులపండి, ప్రాసెసర్ కూలర్ కదులుతోందేమో చూడండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్చండి.

లేచిన తర్వాత వెంటనే సైడ్ ప్యానెల్ బిగించకండి, ఒకట్రెండు రోజులు అలాగే వాడండి, మళ్లీ విప్పాల్సి వస్తే విసుగు రాకుండా. బయోస్ రీసెట్ చేసి ఉంటే ర్యామ్ స్పీడ్ ప్రొఫైల్ పోయి ఉంటుంది, అది మళ్లీ ఆన్ చేసుకోవాలి. లేవనే లేదు, రిపేర్‌కి ఇవ్వాలి అనుకుంటే ఎక్కడిదాకా వచ్చి ఆగింది, ఏ లైట్ వెలిగింది, మీరు ఏమేం మార్చి చూశారు అన్నది ఒక కాగితం మీద రాసి క్యాబినెట్‌కి అంటించండి. విండోస్ దాకా రాని మెషీన్ అయితే డిస్క్ తీసి మీ దగ్గరే పెట్టుకోండి, బోర్డునీ ఎస్‌ఎంపీఎస్‌నీ టెస్ట్ చెయ్యడానికి మీ ఫొటోలూ ఫైళ్లతో వాళ్లకి పని లేదు.